టాలివర్ గారి నౌకరు వేషాలు

హోరేస్ టాలివర్ రాజు వేషం కడితే న్యూయార్క్‌లో నల్లవాళ్ళ పేట హార్లెమ్‌లో ఆడవాళ్ళు పక్కన కూర్చున్న తమ మొగుళ్ళ వంక చూసి నిట్టూర్చేవాళ్ళు. ఆరడుగుల మూడంగుళాల మనిషి. నోరు విప్పాడంటే నూట ముప్పై మూడో వీధి చర్చి నేలమాళిగలో మడత కుర్చీలు కూడా సర్దుకుని కూర్చున్నట్టుండేది. ఆ నేలమాళిగే వాళ్ళ నాటకశాల. వారానికి రెండు రోజులు అక్కడ ఆయన రాజ్యాలు ఏలేవాడు, శత్రువుల్ని క్షమించేవాడు, సింహాసనం మీద హుందాగా ప్రాణం విడిచేవాడు.

ఆయన భుజాల మీద కప్పుకునే ఎర్ర మఖమలు వస్త్రం అంతకు ముందు పదకొండేళ్ళ పాటు పార్క్ ఎవెన్యూలో విట్లాక్ దొరసాని భోజనాల గది కిటికీకి వేలాడింది. రంగు వెలిసిందని ఆవిడ అవతల పారేయమంటే, ఒడెస్సా టాలివర్ దాన్ని ఇంటికి తెచ్చి, ఉతికి, అంచు కుట్టి, మొగుడికి కప్పింది. ఒడెస్సా ఆ ఇంట్లో పనిమనిషి.

హోరేస్‌ది ఫిలడెల్ఫియా. తండ్రి బడిపంతులు. తల్లి కొడుకుని వంటింటి గడప తొక్కనివ్వలేదు. దాంతో ఆయనకి లాటిన్ పద్యాలు వచ్చాయి గానీ పాలు కాచడం రాలేదు. మంచినీళ్ళు అడిగినా పుస్తకంలో చదివినట్టే అడిగేవాడు. ఒడెస్సాది దక్షిణాదిన జార్జియా. పదిహేనో ఏట రైలెక్కి న్యూయార్క్ వచ్చింది మొదలు ఎవరో ఒకరి వంటింట్లోనే ఉంది. పెళ్ళయిన కొత్తలో ఆయన మాటతీరుని వెక్కిరించడానికి 'మిస్టర్ టాలివర్' అని పిలిచేది. తరవాత అదే అలవాటైపోయింది.

1935లో కాలిఫోర్నియా నుంచి ఒక సినిమా కంపెనీ మనిషి వచ్చి ఆ నేలమాళిగలో నాటకం చూశాడు. పేరు క్రాన్‌ఫీల్డ్. రాజు చచ్చిపోయే ఘట్టంలో ఆయన లేచి నిలబడి చప్పట్లు కొట్టాడు. నాటకం అయ్యాక తెర వెనక్కి వచ్చి హోరేస్ చేతులు రెండూ పట్టుకున్నాడు.

"మూడు నెలల నుంచీ నీలాంటి మనిషి కోసమే వెతుకుతున్నానయ్యా. ఆ నడక! ఆ గొంతు! మా కొత్త సినిమాలో నీకు వేషం ఉంది."

"ఎటువంటి పాత్ర అండీ? పెద్దదేనా?" అని అడిగాడు హోరేస్.

"చాలా పెద్ద ఇల్లు," అన్నాడు క్రాన్‌ఫీల్డ్. "అందులో నువ్వుంటావు."

అబద్ధం చెప్పాడని తరవాత కూడా ఎవరూ అనలేకపోయారు. ఇల్లు నిజంగానే పెద్దది, ఇరవై రెండు మెట్లుండేది. తలుపు తీసేవాడు హోరేస్.

లాస్ ఏంజిలస్‌లో సెంట్రల్ ఎవెన్యూ పక్కన ఒక అద్దె గదిలో దిగారు మొగుడూ పెళ్ళాలు. మొదటి రోజు షూటింగ్ నుంచి హోరేస్ మధ్యాహ్నానికే తిరిగొచ్చాడు. టోపీ అయినా తీయకుండా మంచం మీద కూర్చున్నాడు.

"ఏమైంది మిస్టర్ టాలివర్? అప్పుడే వచ్చేశారు?"

"పధ్నాలుగు సార్లు తలుపు తీశాను, డెస్సా. పధ్నాలుగు సార్లూ ఆపించాడు ఆ దర్శకుడు."

"తలుపు తీయడానికేముంది? గడియ పట్టుకుని లాగడమేగా?"

"'ఆ ఇల్లు ఎవరిది? నీదా, ఆయనదా? వచ్చినవాడు నీకు దణ్ణం పెట్టేలా ఉన్నాడు' అన్నాడు. అందరూ నవ్వారు. రేపటికి నేర్చుకుని రమ్మన్నాడు. లేకపోతే వేరేవాణ్ణి చూసుకుంటాడట." ఆయన గొంతు తగ్గింది. "ఇరవయ్యేళ్ళ నుంచి నటిస్తున్నాను. తలుపు తీయడం రాదన్నాడు."

ఒడెస్సాకి ఒక పక్క జాలి వేసింది, ఒక పక్క నవ్వొచ్చింది. గదిలో ఉన్న ఒక్క కుర్చీనీ మధ్యకి లాక్కుని, కాలు మీద కాలేసుకుని కూర్చుంది. గది అద్దెకిచ్చిన ఇంటావిడ దగ్గర్నుంచి ఒక పళ్ళెం అడిగి తెప్పించింది. మెడ కొంచెం పైకెత్తి, కళ్ళు సగం మూసి, విట్లాక్ దొరసాని ముక్కు గొంతుతో పిలిచింది.

"హోరేస్, కాఫీ తీసుకురా."

ఆయన ఉలిక్కిపడ్డాడు. పన్నెండేళ్ళ కాపురంలో ఆవిడ ఎన్నడూ ఆయన్ని పేరు పెట్టి పిలవలేదు. పళ్ళెం పట్టుకుని వచ్చాడు.

"అలా నా మొహంలోకి చూడకు. తలెగరేస్తున్నావనుకుంటాను. నేలా చూడకు, దొంగతనం చేశావనుకుంటాను. నా కోటు మూడో గుండీ వైపు చూడు. ఆ... అడుగుల చప్పుడు వినపడాలి, నువ్వొస్తున్నావని తెలియడానికి. కానీ నువ్వొచ్చావని నాకు అనిపించకూడదు. కాఫీ దానంతటదే వచ్చినట్టుండాలి. మళ్ళీ పో. మళ్ళీ రా."

సాయంత్రం దాకా పోయాడు, వచ్చాడు. ముప్పయ్యోసారో నలభయ్యోసారో ఆయన గదిలోకి వచ్చినట్టు ఒడెస్సాకి నిజంగానే తెలియలేదు. చెయ్యి చాపితే కప్పు ఉంది, అంతే. తిరిగి చూస్తే ఆరడుగుల మూడంగుళాల మొగుడు ఆ గదిలో ఎక్కడా లేడు.

"చాల్లెండి, వచ్చేసింది," అని చటుక్కున లేచింది.

మర్నాడు దర్శకుడు ఒక్క దెబ్బకి సరే అన్నాడు. "పుట్టుకతో వస్తుందయ్యా ఇది, నేర్పిస్తే వచ్చేది కాదు," అని చుట్టూ ఉన్నవాళ్ళతో చెప్పాడట.

అక్కణ్ణించి ఇక వెనక్కి చూసుకోలేదు. పదేళ్ళలో ముప్పై ఒక్క సినిమాలు, ముప్పై ఒక్క ఇళ్ళు. బ్యాంకు యజమానులకి కోట్లు అందించాడు, విధవరాళ్ళకి టీ పోశాడు, ఒక సినిమాలో దిగులు పెట్టుకున్న వేటకుక్కని ఓదార్చాడు. అన్నిట్లోకీ పేరొచ్చింది ఒకటుంది. అందులో అయ్యగారు దివాలా తీస్తారు. నౌకర్లందరూ వెళ్ళిపోతారు. హోరేస్ మాత్రం ఆయన కాళ్ళ దగ్గర కూర్చుని, "జీతం ఎవరడిగారు అయ్యగారూ? నన్ను పొమ్మనకండి, అంతే చాలు" అంటాడు. ఆ మాటకి దేశమంతా రుమాళ్ళు తడుపుకుంది.

ఒడెస్సా ఆ సినిమా మేడ మీది సీట్లలో కూర్చుని చూసింది. ఆ హాల్లో మన నల్లవాళ్ళకి ఇచ్చేవి అవే. "ఏ పిచ్చోడుంటాడమ్మా జీతం లేకుండా!" అని పైకే అనేసింది. మేడంతా గొల్లుమంది. కింద ఏడుస్తున్నవాళ్ళు తలలెత్తి పైకి చూశారు.

చర్చిలో మాత్రం ఆవిడకి తల కొట్టేసినట్టుండేది. అక్కడ పాటల బృందానికి పెద్ద, సిస్టర్ లవీనియా. ఆవిడ నోటికి రెవరెండ్ గారే జడిసేవాడు.

"సిస్టర్ టాలివర్, నిన్న మీ ఆయన్ని చూశామమ్మా. వెండి చెంచాలు అద్దాల్లా తోముతున్నాడు. మంగళవారం ఖాళీ ఉంటే మా ఇంటికి పంపిస్తావా?"

"పంపిస్తాగానీ సిస్టర్, మీ ఇంట్లో వెండి చెంచాలు ఉన్నాయా అని అడగమన్నారు."

చుట్టూ అందరూ నవ్వారు గానీ, ఇంటికొచ్చి ఆవిడ టోపీ పిన్నులు తీసి బల్ల మీదకి విసిరికొట్టింది. హోరేస్ రాజుగా ఉన్నన్నాళ్ళూ తను పనిమనిషి. ఆయన నౌకరు అయ్యాక తను చేతులకి తొడుగులు వేసుకుని చర్చికి వెళ్తోంది. ఇందులో ఎవరి పరువు ఎక్కడ పోయిందో, ఎక్కడ దొరికిందో ఆవిడకి లెక్క తేలేది కాదు.

1943లో ఊరికి పడమటగా, కొండ మీది వీధిలో ఒక పళ్ళ డాక్టరు ఇల్లు అమ్ముతుంటే కొన్నారు. తెల్లటి స్తంభాల ఇల్లు, ముందు పచ్చిక. సామాను దించిన మూడో రోజు తలుపు చప్పుడైంది. హోరేసే వెళ్ళి తీశాడు. గడపలో పక్కింటి మిసెస్ హెడ్రిక్ నిలబడి ఉంది. యాభై దాటిన మనిషి, మొగుడు పోయాడు, గులాబీల పిచ్చి. ఆవిడ గొడుగు మడిచి, అలవాటుగా హోరేస్ చేతికిచ్చింది.

"మీ అమ్మగారున్నారా?"

పక్క గదిలోంచి ఒడెస్సా చూస్తోంది. ఎనిమిదేళ్ళు అదే పని చేసిన చెయ్యి దానంతటదే గొడుగు అందుకుంది. నోరు కూడా దానంతటదే, "చూసొస్తానమ్మా" అంది. ఆయన లోపలికి వచ్చి, పెళ్ళాం ముందు నిలబడి, అప్పుడు గానీ తనేం చేశాడో తెలిసి నాలుక్కరుచుకోలేదు.

"మిమ్మల్ని చూడ్డానికి ఎవరో వచ్చారు, మేడమ్," అన్నాడు నెమ్మదిగా.

"కూర్చోబెట్టు, హోరేస్. వస్తున్నా," అంది ఒడెస్సా. ఇద్దరూ నవ్వు ఆపుకోలేక గోడ పట్టుకున్నారు.

ఒడెస్సా వెళ్ళి ఎదురుగా కూర్చున్నాక సంగతి అర్థమై మిసెస్ హెడ్రిక్ మొహం ఎర్రబడింది. అంతలో హోరేస్‌ని ఇంకోసారి చూసి గుండె మీద చెయ్యేసుకుంది.

"అయ్యో, మీరు ఆ సినిమాలో... జీతం వద్దన్న ఆయన! ఎంత ఏడ్చానో! మా చెల్లెలికి చూపించాలి, ఒక సంతకం పెట్టివ్వండి."

పెట్టిచ్చాడు. దాన్ని మడిచి ఆవిడ సంచీలో పెట్టుకుంది. తరవాతి వారం ఆవిడ కూడా ఒక సంతకం పెట్టింది. అది వీధిలో వాళ్ళంతా కలిసి కోర్టుకి ఇచ్చిన అర్జీ మీద. ఆ వీధి ఇళ్ళ దస్తావేజుల్లో పాతకాలం నాటి ఒక షరతు ఉందట. నల్లవాళ్ళు ఆ ఇళ్ళలో ఉండకూడదు, ఇంటి నౌకర్లయితే మాత్రం ఉండొచ్చు.

వ్యాజ్యం ఏడాదిన్నర సాగింది. ఇంతలో క్రాన్‌ఫీల్డ్ కబురు మీద కబురు పంపాడు. అయ్యగార్లతో దావాకి నిలబడే నౌకర్ని జనం ఇష్టపడరు, ఎలాగోలా రాజీ చేసుకోమని. చివరికి అవతలి వాళ్ళే ఒక రాజీ కాగితం పంపారు. టాలివర్ల తరఫు లాయరు ఫెల్టన్ దాన్ని తెచ్చి వాళ్ళ భోజనాల బల్ల మీద పరిచాడు. మనవాడే, పేరున్న లాయరు, ఏ కాగితం చూసినా మొహం మారదు. ఆ రోజు మాత్రం నుదురు రుద్దుకుంటూ కూర్చున్నాడు.

"ఇల్లు ఖాళీ చేయక్కర్లేదు. మీరిద్దరూ ఇంటి నౌకర్లమని రాసి సంతకం పెడితే దావా ఎత్తేస్తారట."

"ఎవరింట్లో నౌకర్లం?" అంది ఒడెస్సా.

"ఈ ఇంట్లోనే."

"మరి యజమాని ఎవరండీ?"

ఫెల్టన్ గొంతు సవరించుకున్నాడు. "ఇల్లు ఇద్దరి పేరా ఉంది కాబట్టి... చట్టం ప్రకారం చూస్తే ఆయన మీకు నౌకరు, మీరు ఆయనకి పనిమనిషి."

ఒడెస్సా కళ్ళనీళ్ళొచ్చేలా నవ్వింది. "నేను ఆయనకి పనిమనిషినని కాయితమెందుకండీ, ఇన్నేళ్ళూ కాయితం లేకుండానే చేశా. ఆయన నాకు నౌకరైతే మాత్రం మంచిదే. అదిగో, తొట్టిలో గిన్నెలున్నాయి."

హోరేస్ నవ్వలేదు. "డెస్సా, ఒక్క సంతకం. ఎవరు చూస్తారు దాన్ని? ఇది కూడా ఒక వేషమే అనుకుందాం."

ఆవిడ నవ్వు ఆగింది. "వేషమైతే సాయంత్రానికి విప్పి కొయ్యకి తగిలించి వస్తారు మీరు. ఇది ఎప్పుడు విప్పుతారు, మిస్టర్ టాలివర్? ఏ కొయ్యకి తగిలిస్తారు?"

ఫెల్టన్ కిటికీలోంచి బయటకి చూస్తూ కూర్చున్నాడు. హోరేస్ లేచి వంటింట్లోకి వెళ్ళాడు. నీళ్ళ చప్పుడు వినపడింది, ఆ వెంటనే ఒక పళ్ళెం పగిలిన చప్పుడు, ఇంకాసేపటికి ఇంకొకటి. ముప్పై ఒక్క ఇళ్ళలో వెండి గిన్నెలకి మెరుగు పెట్టిన మనిషి నిజం గిన్నె పట్టుకోవడం అదే మొదలు. తడి చేతులతో తిరిగొచ్చి, "కోర్టుకే వెళ్దాం ఫెల్టన్ గారూ," అన్నాడు. "నాకీ పని బొత్తిగా చేతకాదు."

కోర్టు హాలు కిక్కిరిసింది. సిస్టర్ లవీనియా బృందం మొత్తం వరసగా కూర్చుంది, ఎవరి మొహంలోనూ నవ్వు లేకుండా. అవతలి లాయరు హోరేస్‌ని బోనులో నిలబెట్టాడు.

"మీరు ముప్పై ఒక్క చిత్రాల్లో నౌకరుగా నటించారు. అవునా?"

"అవునండి."

"ఎంతో సంతోషంగా, ఎంతో సహజంగా. ఇలాంటి ఇళ్ళలోనే. మరి ఇంటి నౌకర్లకి అభ్యంతరం లేదన్న షరతు మిమ్మల్ని ఎందుకు బాధపెట్టాలి?"

హోరేస్ నేలమాళిగలో కుర్చీల్ని సర్దుకునేలా చేసిన గొంతుతో అన్నాడు.

"నేను నాటకాల్లో చచ్చిపోయే పాత్రలు కూడా వేశానండి. అద్భుతంగా చచ్చిపోయానని పేపర్లలో రాశారు. అలాగని నన్ను పూడ్చిపెట్టమని నేనెవర్నీ అడగలేదు."

జడ్జి కూడా నోటికి రుమాలు అడ్డం పెట్టుకున్నాడు. వారం తిరక్కుండా తీర్పు వచ్చింది. ఆ షరతు చెల్లదు, టాలివర్లు తమ ఇంట్లో తాము యజమానులుగా ఉండొచ్చు. చర్చిలో సన్మానం చేశారు. సిస్టర్ లవీనియా ఒక పాట ఆయన పేరు కలిపి పాడింది.

ఆ నెల నుంచి స్టూడియో కబురు పంపడం మానేసింది. హోరేసే వెళ్ళి క్రాన్‌ఫీల్డ్‌ని కలిశాడు. ఆయన నిజంగానే నొచ్చుకుంటూ మాట్లాడాడు.

"నీ మీద కోపం ఏమీ లేదు హోరేస్. కానీ ఇప్పుడు నువ్వు ట్రే పట్టుకుని వస్తే, వీడు రేపు ఈ ఇల్లు కూడా నాదే అంటాడేమో అనిపిస్తోంది జనానికి. నాకే అనిపించింది."

ఏడాది పాటు ఆయన పచ్చిక కోశాడు. ఆయనకి అదీ సరిగ్గా రాలేదు. అప్పుడొక రేడియో సంస్థ పిలిచింది. అక్కడ గొంతు పరీక్ష చేసినాయన అద్దం అవతల వెనక్కి తిరిగి కూర్చుని విన్నాడు. తరవాత తిరిగి చూసి, చాలాసేపు ఆలోచించి, ఒక ఒప్పందం ముందు పెట్టాడు. పేరు చెప్పకూడదు, ఫొటో వేయకూడదు, ఎవరితోనూ అనకూడదు. వేషం దక్షిణాదిన వర్జీనియాలో పొలాలూ గుర్రాలూ ఉన్న ఒక పెద్ద దొరది, కల్నల్ బార్‌క్లే. గురువారం గురువారం వచ్చే ధారావాహిక.

ఆ కథలో కల్నల్ గారికి జాస్పర్ అనే నల్ల నౌకరున్నాడు. ఆ గొంతు లెస్టర్ అనే తెల్లాయనది. ఐయోవా నుంచి వచ్చిన మెత్తని మనిషి. మొదటి వారం హోరేస్ దగ్గరికొచ్చి నసిగాడు.

"టాలివర్ గారూ, నౌకరు మాట నేను అన్నది సరిగా ఉందంటారా? మీకు తెలుస్తుందని..."

"నాకేం తెలుసు లెస్టర్, నేనెప్పుడూ ఫిలడెల్ఫియా దాటి దక్షిణాది రాష్ట్రాల వైపు వెళ్ళలేదు," అన్నాడు హోరేస్. "మా ఆవిణ్ణి అడిగి చెప్తాను."

ఒడెస్సా చెప్పి పంపేది. లెస్టర్‌కి ఆ యాసకి మంచి పేరొచ్చింది.

ఈలోగా కొండ మీది వీధిలో ఒక్కొక్కరే ఇళ్ళు అమ్ముకుని వెళ్ళిపోయారు. కొన్నవాళ్ళు మనవాళ్ళే. ఒక డాక్టరు, ఇద్దరు టీచర్లు, ఒక శవపేటికల వ్యాపారి. మిసెస్ హెడ్రిక్ మాత్రం కదల్లేదు. గులాబీలు వేరే మట్టిలో బతకవంది. మెల్లిగా మొక్కల కంచె మీంచి ఒడెస్సాతో మాటలు కలిపింది. ఆవిడ మాటలన్నీ ఒక్కచోటికే చేరేవి.

"నిన్న కల్నల్ గారు విన్నారా? ఏం గొంతండీ! అలాంటి గొంతు రావాలంటే ఎన్ని తరాల పెద్దరికం ఉండాలో. మా అమ్మ తరఫున వర్జీనియాలో ఇలాంటి వాళ్ళే ఉండేవారు."

"అలాగాండీ," అనేది ఒడెస్సా. లోపల హోరేస్ దగ్గు మందు తాగుతూ కిటికీ పరదా వెనక నిలబడి వినేవాడు. ఆ మెచ్చుకోలుకి ఆయన ఎంత పొంగిపోయేవాడో చూసి ఆవిడకి ఒళ్ళు మండేది.

"సిగ్గు లేదూ మీకు? మన మీద కోర్టుకెళ్ళిన మనిషి ఆవిడ."

"అయితేనేం డెస్సా, చెవి మాత్రం మంచిది," అనేవాడు.

తొమ్మిదేళ్ళు కల్నల్‌గా ఉన్నాడు. 1955 మార్చిలో ఒక సోమవారం పొద్దున పేపరు చదువుతూ కుర్చీలోనే పోయాడు. ఆ గొంతుకి సాటి దొరకదని రేడియో వాళ్ళు గురువారం కథలో కల్నల్‌ని కూడా చంపేశారు. గుర్రం మీంచి పడ్డాడన్నారు. జాస్పర్ ఏడ్చిన ఏడుపు నిజం ఏడుపులాగే ఉంది. లెస్టర్ నిజంగానే ఏడ్చాడట. పేపర్లు నాలుగు లైన్లు వేశాయి, నమ్మకమైన నౌకరు పాత్రలకు ప్రసిద్ధుడని.

శుక్రవారం పొద్దున మిసెస్ హెడ్రిక్ నిమ్మకాయ కేకు పట్టుకుని వచ్చింది. కళ్ళు వాచి ఉన్నాయి. ఒడెస్సా కాఫీ పెట్టింది. ఇద్దరూ వంటింటి బల్ల దగ్గర కూర్చున్నారు.

"ఏం వారమో ఇది మిసెస్ టాలివర్. ఇద్దరు పోయారు నాకు. మీ ఆయన ఒకరు. నిన్న కల్నల్ గారు. పాపం, ఆ వేషం వేసినాయన కూడా పోయాడట, అందుకే కథ అలా చేశారట. పేరైనా చెప్పలేదు చూడండి. ఆయనకీ ఎవరో భార్య ఉండే ఉంటుంది."

"ఉందమ్మా," అంది ఒడెస్సా కేకు కోస్తూ.

"మీకు తెలుసా ఆవిడ? సినిమావాళ్ళు కదా మీరు, తెలిసే ఉంటుంది. ఎలా ఉందావిడ?"

ఒప్పందంలో ఎవరితోనూ చెప్పకూడదని ఉంది. సంతకం పెట్టిన మనిషి శవపేటికల వ్యాపారి గదిలో, మంచి నీలం సూటు వేసుకుని పడుకుని ఉన్నాడు. ఒడెస్సా ఒక ముక్క తన పళ్ళెంలో పెట్టుకుంది.

"ప్రస్తుతానికి కేకు తింటోందండీ."

మిసెస్ హెడ్రిక్ ముందు నవ్వబోయింది. తరవాత ఒడెస్సా మొహంలోకి చూసింది. ఆవిడ కప్పు కింద పెట్టి, కిటికీలోంచి తన గులాబీల వైపు, మొక్కల కంచె వైపు చూసింది.

"అంత్యక్రియలు ఎన్నింటికి?" అంది ఆఖరికి.

"రేపు పదకొండింటికి. మా చర్చిలో."

మిసెస్ హెడ్రిక్ పదిన్నరకే వచ్చింది. నల్ల టోపీ పెట్టుకుని చివరి వరసలో సిస్టర్ లవీనియా పక్కన ఖాళీ ఉంటే కూర్చుంది. ఎప్పుడు లేవాలో ఎప్పుడు కూర్చోవాలో ఆవిడకి తెలియలేదు. పాట మొదలైనప్పుడల్లా సిస్టర్ లవీనియా ఆవిడ మోచెయ్యి పట్టుకుని పైకి లేపింది.